కరెంటు పోయి వస్తే సగం స్మార్ట్ లైట్లు ఆఫ్‌లైన్: రీసెట్ చేయకముందే చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూంల ఫ్లాటు, 11 వైఫై బల్బులు, బోర్డుల్లో 5 స్విచ్ మాడ్యూళ్లు (మామూలు స్విచ్ వెనక కూర్చుని లైటుని ఫోన్‌తోనూ నడిపే చిన్న పెట్టెలు), 2 మోషన్ సెన్సర్లు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సగం ఆఫ్‌లైన్ అవుతున్నాయి, గోడ స్విచ్ ఆపి వేస్తే గానీ రావడం లేదు. అర్ధరాత్రి కరెంటొస్తే బెడ్‌రూం లైట్లు వాటంతటవే ఫుల్లుగా వెలుగుతున్నాయి. ఒక బల్బు ఉన్నట్టుండి టపటపా కొట్టుకుంటోంది. బాల్కనీ లైటు ఆపినా సన్నగా వెలుగుతూనే ఉంది. బాత్‌రూం సెన్సర్ మే నెల మధ్యాహ్నాల్లో మనిషిని పట్టడం లేదు. అన్నీ పీకేసి వేరే కంపెనీవి పెట్టాలా అన్నారు.

వద్దండి. ఇవి ఐదూ ఐదు వేర్వేరు జబ్బులు, కంపెనీ మార్చినంత మాత్రాన అన్నీ పోవు. ముందు ఒక అలవాటు మానండి: ఆఫ్‌లైన్ అని కనబడగానే యాప్‌లోంచి తీసేసి మళ్లీ జతచేయడం. అలా చేస్తే ఆ పూటకి పనిచేస్తుంది, అసలు కారణం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా చాలా యాప్‌లలో ఆ బల్బు మీద రాసుకున్న షెడ్యూళ్లు, రూల్సు కూడా దాంతోపాటే పోతాయి.

మొదటిది, అన్నిటికన్నా పెద్దది, కరెంటు వచ్చాక మొదటి మూడు నిమిషాల్లో జరిగేది. బల్బు రెండు మూడు సెకన్లలో లేచి వైఫై కోసం వెతుకుతుంది. ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ పెట్టె అప్పటికింకా నిద్రలోనే ఉంటుంది. అది లేచి, లైను పట్టుకుని, వైఫై ఇవ్వడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మంచి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న బల్బు అంతసేపూ వెతుకుతూనే ఉంటుంది. చవకవాటిలో కొన్ని కాసేపు వెతికి ఊరుకుంటాయి. ఇక స్విచ్ ఆపి వేస్తేనే కదులుతాయి. మీ ఇంట్లో కనబడే లక్షణం సరిగ్గా ఇదే.

నిర్ధారించుకోవడం తేలిక. కరెంటు ఉండగానే, రూటర్‌ని కదపకుండా, లైట్ల ఎంసీబీ ఒక నిమిషం ఆపి వేయండి. అన్నీ తిరిగొచ్చాయంటే బల్బుల్లో దోషం లేదు. తర్వాత రూటర్, లైట్లు రెండూ ఒకేసారి ఆపి వేయండి. పాత సగమే మళ్లీ పోతే కారణం రూటర్ ఆలస్యమే.

దీనికి మందు రూటర్‌కి మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రూటర్‌ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె. కొనేముందు రూటర్ అడాప్టర్ మీది అక్షరాలు చదవండి. చాలావరకు 12 వోల్టులు ఉంటుంది, ఆంపియర్లు 1 నుంచి 2 దాకా ఉంటాయి. వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఫైబర్ పెట్టె వేరు, రూటర్ వేరు అయితే రెండింటికీ సరిపోయే రెండు అవుట్‌పుట్‌లున్నది తీసుకోండి. ఒక్కదానికే పెడితే ఇంటర్నెట్ ఎలాగూ ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్‌లోని ప్లగ్గుకి రూటర్ మార్చినా చాలు. కాకపోతే ఇన్వర్టర్ వెనక ఉండే మీటని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో బ్యాటరీ మీదికి మారేటప్పుడు వచ్చే చిన్న గ్యాప్‌కే కొన్ని రూటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజి కాస్త తగ్గినా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది కాబట్టి లో వోల్టేజి ఏరియాల్లో బ్యాటరీ ఎక్కువగా వాడుకుంటుంది. అది తెలిసి పెట్టుకోండి.

రూటర్ దగ్గర ఉన్నప్పుడే మరో నాలుగు పనులు చేసేయండి. వైఫైలోని 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు ఒకే పేరు ఉండి స్మార్ట్ కనెక్ట్ (రెంటినీ ఒకే పేరు కింద కలిపే సెట్టింగు) ఆన్‌లో ఉంటే, దాన్ని ఆపి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. అయితే బల్బులు ఇప్పుడు వాడుతున్న పాత పేరే 2.4కి ఉంచి, కొత్త పేరు 5కి ఇవ్వండి. తిరగేసి చేస్తే 11 బల్బులూ మళ్లీ జతచేసుకోవాలి. వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 పెట్టండి, డబ్ల్యూపీఏ3 కలిపి పెడితే పాత చిప్‌లు తడబడతాయి. ఛానెల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. అపార్ట్‌మెంట్లో చుట్టూ ఇరవై రూటర్లుంటాయి, 40 పెట్టుకుంటే అందరి రొదా మీకే వినిపిస్తుంది. ఇక యాప్‌లో డివైస్ వివరాల్లో సిగ్నల్ అంకె చూడండి. మైనస్ 65 దాకా బాగున్నట్టే. మైనస్ 75 దాటితే ఎన్నిసార్లు జతచేసినా తెగుతూనే ఉంటుంది. మాడ్యూళ్లయితే ఇనప మాడ్యులర్ బాక్సుల్లో కూర్చుంటాయి గనుక సిగ్నల్ ముందువైపు ప్లాస్టిక్ ప్లేటు గుండా మాత్రమే వెళ్తుంది. మాడ్యూల్‌ని బాక్సు అడుగున వైర్ల కింద కుక్కేయకుండా ప్లేటుకి దగ్గరగా ఉంచమని చెప్పండి. ఆ కాస్త మార్పుకే తేడా కనబడుతుంది.

అర్ధరాత్రి వెలగడానికి కారణం ఒక్క సెట్టింగు. యాప్‌లో పవర్ ఆన్ బిహేవియర్ అనో, ఇనీషియల్ స్టేట్ అనో ఉంటుంది. చాలావాటిలో ఫ్యాక్టరీ నుంచి అది ఆన్‌లో వస్తుంది. లాస్ట్ స్టేట్‌కి (కరెంటు పోయేముందు ఎలా ఉందో అలా) మార్చండి. ఆఫ్ పెట్టకండి: అప్పుడు వైఫై లేని రోజున గోడ స్విచ్ వేసినా లైటు రాదు. లాస్ట్ స్టేట్‌లోనూ ఒక చిక్కుంది. రాత్రి మీరు ఫోన్‌లో ఆపుతారు, తెల్లారి అమ్మగారు స్విచ్ ఆపి వేస్తారు, లైటు వెలగదు. స్మార్ట్ బల్బుకి గోడ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, మన ఇళ్లలో అది జరిగే పని కాదు. అందుకే పెద్దవాళ్లు, పిల్లలు తిరిగే హాల్లో, వంటింట్లో బల్బు కన్నా బోర్డులో మాడ్యూలే సరైనదని నా గట్టి అభిప్రాయం. మాడ్యూల్‌కి వైఫై పోయినా, రూటర్ చచ్చినా, మామూలు స్విచ్ మామూలుగానే పనిచేస్తుంది. రంగులు కావాల్సిన ఒకటి రెండు చోట్ల మాత్రం బల్బులు ఉంచుకోండి.

టపటపా కొట్టుకునే బల్బు పాడవలేదు, పెయిరింగ్ మోడ్‌లోకి వెళ్లింది. చాలా బల్బులకు వరుసగా మూడు నుంచి ఐదుసార్లు ఆపి వేయడమే రీసెట్ గుర్తు. మీరు వేయకపోయినా కరెంటు వస్తూ పోతూ ఉంటే, హోల్డర్ వదులైతే, బోర్డులో స్క్రూ సరిగా బిగించకపోతే బల్బుకి అదే లెక్క. ఒకే బల్బు పదేపదే ఇలా చేస్తోందంటే ఆ పాయింటులో లూజ్ ఉంది. మెయిన్ ఆపి హోల్డర్, స్విచ్ వెనక స్క్రూలు రెండూ బిగించండి. వైరు కొన నల్లబడి ఉంటే ఆ ముక్క కోసేసి కొత్తగా ఒలిచి పెట్టాలి. ఇది బల్బు సంగతి కాదు, నిప్పు పుట్టే చోటు. వాయిదా వేయకండి.

బాల్కనీ లైటు దగ్గర కాస్త ఆగాలి. ఆపాక ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతోందంటే రెండు కారణాలు ముఖ్యం. ఒకటి, స్విచ్‌ని ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద వేశారు. రెండోది, న్యూట్రల్ అక్కర్లేని రకం మాడ్యూల్ పెట్టారు. తన బతుకుదెరువు కోసం అది బల్బు గుండానే కొద్ది కరెంటు లాగుతుంది, ఆ కొద్దికే ఎల్‌ఈడీ మెరుస్తుంది. మామూలు నియాన్ టెస్టర్ ఇక్కడ మోసం చేస్తుంది, పక్క వైరు ప్రేరణకి (తాకకుండానే పుట్టే వోల్టేజికి) కూడా మిణుకుమంటుంది. మల్టీమీటర్ తీసుకోండి. బల్బు తీసేసి, స్విచ్ ఆపి, హోల్డర్‌లోని ఒక్కో మొనకీ ఎర్తుకీ మధ్య ఏసీ వోల్టులు కొలవండి. ఆ పాయింటుకి న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూల్ లేకుండానే ఏదైనా ఒక మొన దగ్గర 230 నిలకడగా చూపిస్తే ఫేజు నేరుగా హోల్డర్‌కి వస్తోంది, అంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉంది. ఆ రకం మాడ్యూల్ ఉంటే దాని లీకు కూడా మీటరులో 230కి దగ్గరగా చూపించవచ్చు. 40, 60, 90 అంటూ ఊగితే అది ప్రేరణ వోల్టేజి. లైవ్‌లో కొలత గనుక అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి.

మొదటి కారణమైతే బోర్డులో వైర్లు మార్పించాలి. బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఆపినా షాక్ కొట్టే ప్రమాదం అది. రెండోదైతే లైటుకి సమాంతరంగా ఒక బైపాస్ కెపాసిటర్ పెట్టాలి. 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ, ఎక్స్2 రకం. కొన్ని మాడ్యూళ్ల డబ్బాలోనే వస్తుంది. మెయిన్స్ మీద మామూలు డిస్క్ కెపాసిటర్ పెట్టకూడదు. ఇంకా మేలైన దారి న్యూట్రల్ ఉన్న మాడ్యూల్. ప్లగ్గు ఉన్న ప్రతి బోర్డులోనూ న్యూట్రల్ ఉంటుంది, చాలామంది లేదనుకుని వదిలేస్తారు. ఒక్క జాగ్రత్త: లైట్లు ఇన్వర్టర్ లైను మీద, ప్లగ్గు నేరు లైను మీద ఉంటే ఆ రెండు న్యూట్రళ్లనూ కలపకూడదు. కలిపితే ఆర్‌సీసీబీ (లీకు కనబడితే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతూ ఉంటుంది, ఎక్కడ పట్టుకోవాలో తెలియక రోజులు పోతాయి.

మాడ్యూళ్ల మాటొచ్చింది కాబట్టి అడగకపోయినా చెబుతున్నాను: 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. లైట్లకిచ్చే 10 ఆంపియర్ల మాడ్యూల్ గీజర్‌కి పెట్టకండి. లోపలి రిలే (కరెంటుతో నడిచే స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోతే యాప్ ఆఫ్ చూపిస్తుంది, గీజర్ కాగుతూనే ఉంటుంది. 16 ఆంపియర్లది వేరే పెట్టాలి.

బాత్‌రూం సెన్సర్‌ది మన ఎండల జబ్బు. మీది పీఐఆర్ రకం మోషన్ సెన్సర్. అది మనిషిని చూడదు, ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ ఉన్న తేడా కదలడాన్ని చూస్తుంది. చర్మం పైన ఉండేది సుమారు 33, 34 డిగ్రీలు. పై అంతస్తులో, స్లాబు కింద, మే మధ్యాహ్నం గోడ కూడా అంతే వేడెక్కితే తేడా మాయమవుతుంది. సున్నితత్వం పెంచినా లాభం తక్కువ. సెన్సర్‌ని తలుపుకి ఎదురుగా కాకుండా పక్క గోడకు, రెండు మీటర్ల ఎత్తున మార్చండి. ఎదురొచ్చే మనిషి కన్నా అడ్డంగా దాటే మనిషిని అది బాగా పడుతుంది. అప్పటికీ కాకపోతే తలుపుకి డోర్ సెన్సర్ పెట్టి, తలుపు తెరిస్తే లైటు వెలిగేలా రూల్ రాయండి. దానికి ఎండాకాలం లేదు. ఎంఎంవేవ్ రాడార్ సెన్సర్లు (రేడియో తరంగాలతో కదలికను పట్టేవి) వేడికి లొంగవు గానీ తిరిగే ఫ్యాన్‌ని, ఊగే కర్టెన్‌ని, పలచని ప్లైవుడ్ పార్టిషన్ అవతలి మనిషిని కూడా పడతాయి. హాల్లో పెట్టేముందు ఆలోచించండి.

ఆర్నెల్లకోసారి సాయంత్రం లైట్ల టైము మార్చుకుంటున్నానన్నారు, ఆ అవసరం లేదు. హైదరాబాద్‌లో నవంబరు చివర సుమారు 5:40కి, జూలై మొదట్లో సుమారు 6:55కి పొద్దుగూకుతుంది. యాప్‌లో ఊరు సరిగా పెట్టి సన్‌సెట్ రూల్ రాస్తే చాలు.

ఇక రేపెప్పుడైనా ఇంటర్నెట్ వాళ్లు వచ్చి రూటర్ మార్చితే కంగారు పడకండి. వాళ్లు వెళ్లకముందే కొత్తదానికి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా పెట్టించండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ అన్నీ లెక్కే. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2. ఇంతే చేస్తే 11 బల్బులూ, 5 మాడ్యూళ్లూ మీరు చెయ్యి పెట్టకుండానే వాటంతటవే వచ్చి కలుస్తాయి.