ఆస్తి దాచిన సంగతి ఇప్పుడు బయటపడితే ఎమ్మెల్యే ఎన్నిక రద్దవుతుందా?

ప్రశ్న: 2024 అసెంబ్లీ ఎన్నికల్లో మా బావ పోటీ చేసి రెండో స్థానంలో నిలిచారు. నేనే ఆయనకు ఎలక్షన్ ఏజెంటుని. మూడెకరాలు అమ్మి ఖర్చు పెట్టాం. ఆ దిగులుతో మా అక్క మంచం పట్టింది. మొన్న సంక్రాంతికి తెలిసిన డాక్యుమెంట్ రైటర్ చెబితే ఈసీ (స్థలాల లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాను. గెలిచినాయన భార్య పేరున రెండు స్థలాలు కనిపించాయి. ఆయన నామినేషన్ అఫిడవిట్‌లో ఒక్కటీ లేదు. మాకు తెలిసిన రోజు నుంచి గడువు లెక్కేసి హైకోర్టుకు వెళ్లొచ్చా? ఆలస్యం మన్నించమని పిటిషన్ వేసి అడ్మిట్ చేయిస్తానని ఒక లాయరు లక్షన్నర అడుగుతున్నారు. గవర్నర్‌కు రాస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. కాగితాలు చూపించి అవతలివాళ్ల దగ్గర ఖర్చులైనా రాబట్టుకోమని మా ఊరి పెద్దమనిషి సలహా. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కోస్తాంధ్ర

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు కోర్టుకు అక్కర్లేనివి. అమ్మిన పొలం, అక్కగారి ఆరోగ్యం, ఓట్ల లెక్కింపు రోజు మీరు పడ్డ టెన్షన్, వీటిలో ఏదీ ఎన్నికను రద్దు చేయించదు. మీ కేసును తేల్చేది ఒక్క తేదీ. ఆ తేదీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

2024 జూన్ 4న ఫలితం ప్రకటించారు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 81 ప్రకారం, గెలిచిన అభ్యర్థి ఎన్నికైన రోజు నుంచి 45 రోజుల లోపు హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ పడాలి. ఆ లెక్కన ఆఖరు రోజు జూలై 19. అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా వేయొచ్చు. కట్టాల్సిన డిపాజిట్ 2,000 రూపాయలు. మూడెకరాలు అమ్మినవాళ్లకు అది పెద్ద మొత్తమేమీ కాదు.

మోసం బయటపడ్డ రోజు నుంచి గడువు మొదలవుతుందన్న సూత్రం సివిల్ దావాల్లో నిజమే. లిమిటేషన్ చట్టంలో ఉంది. కానీ ఎలక్షన్ పిటిషన్‌కు అది వర్తించదు. ఆలస్యాన్ని మన్నించే ఆ చట్టంలోని సెక్షన్ 5 కూడా వర్తించదని సుప్రీంకోర్టు హుకుందేవ్ నారాయణ్ యాదవ్ కేసులో యాభై ఏళ్ల కిందటే తేల్చింది. గడువు దాటి వచ్చిన పిటిషన్‌ను కొట్టేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 86 హైకోర్టును ఆదేశిస్తుంది. జడ్జిగారికి మీ మీద ఎంత జాలి కలిగినా చేయగలిగింది లేదు. లక్షన్నర అడిగిన లాయరుగారికి ఈ సంగతి తెలియకపోతే ఆయన దగ్గరికి వెళ్లడం అనవసరం. తెలిసే అడిగితే అసలు వెళ్లకూడదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. మీరు ఊళ్లో మామూలు ఓటరు కాదు, ఎలక్షన్ ఏజెంటు. ప్రత్యర్థి దాఖలు చేసిన ఫారం 26, అంటే ఆ నామినేషన్ అఫిడవిట్, నామినేషన్ల నాడే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంది, రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీదా ఉంది. సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, ఇప్పటి మార్కెట్ విలువ, అన్నీ అందులో గడులుగా ఉంటాయి. భార్య ఆస్తికి వేరే గడి ఉంటుంది. సంక్రాంతికి తీసిన ఆ ఈసీ ఎన్నికల వారంలో తీసి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

గడువులో వేసి ఉంటే గెలిచేవారా? అదీ ఖాయం కాదు. 2018 తెలంగాణ ఎన్నికల మీద పడ్డ పిటిషన్లలో, ఆస్తుల వివరాలు దాచారన్న కారణంతో కొత్తగూడెం ఎన్నికను 2023 జూలైలో, గద్వాల ఎన్నికను ఆగస్టులో హైకోర్టు రద్దు చేసింది. రెండో స్థానంలో ఉన్నవాళ్లను గెలిచినట్టు ప్రకటించింది. రెండు తీర్పుల మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ ఏడాది నవంబరు 30న మళ్లీ పోలింగే జరిగిపోయింది. చట్టం ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించమంటుంది. జరిగే తీరు ఇదీ.

తర్వాత 2024 ఏప్రిల్‌లో అరుణాచల్‌లోని తేజూ నియోజకవర్గం కేసు వచ్చింది. అభ్యర్థి మూడు వాహనాలు చూపించలేదని గువాహటి హైకోర్టు ఎన్నిక రద్దు చేస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ వాహనాలు నామినేషన్‌కు ముందే అమ్మడమో, ఇచ్చేయడమో జరిగింది, కాగితాల్లో పేరు మాత్రం మారలేదు. ప్రతి చిన్న వస్తువూ చెప్పాల్సిన పని లేదని, విలువ బాగా ఎక్కువైనవో, అభ్యర్థి జీవనశైలిని చాటేవో దాస్తేనే లెక్కలోకి వస్తుందని కోర్టు చెప్పింది.

ఈ తీర్పు దగ్గర పెట్టుకుని మీరు పంపిన ఈసీ మళ్లీ చదవండి. మీరు మొదటి పేజీ చూసి సంబరపడ్డారు. రెండో పేజీ కింది ఎంట్రీలో 2023 నవంబరులో రిజిస్టరైన సేల్ డీడ్ ఉంది. పార్టీల గడిలో ఆవిడ పేరు పక్కన ‘ఈఎక్స్’ అని ఉంది. అంటే రాసిచ్చింది ఆవిడే. మొదటి స్థలం నామినేషన్ నాటికే చేతులు మారింది. దాన్ని దాచారని మీరు కోర్టులో ప్రమాణం చేసి చెబితే, మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే మీ మాటకు విలువ పోతుంది. ఇక మిగిలింది 240 గజాల రెండో స్థలం. అది పుట్టింటి ఇంటిపేరుతో, తండ్రి పేరుతో ఉంది. ఆ పేరుగల మనిషి ఈవిడేనని రుజువు చేయాల్సింది మీరు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయండి. ఈసీ ఒక్కటే చాలదు.

గవర్నర్ సలహా సంగతి క్లుప్తంగా. రాజ్యాంగం 192వ అధికరణ కింద గవర్నర్ తేల్చేది ఎన్నికైన తర్వాత వచ్చిపడే అనర్హతలు మాత్రమే. ఈ సూత్రం మన కాకినాడ కేసులోనే తేలింది. అప్పటి మద్రాసు శాసనసభకు 1952లో కాకినాడ నుంచి ఎన్నికైన సాకా వెంకట సుబ్బారావు గారికి పాత శిక్ష వల్ల ఎన్నికకు ముందే అనర్హత ఉందన్నది వివాదం. ముందు నుంచీ ఉన్న అనర్హతను గవర్నర్ దారిలో తేల్చడానికి కుదరదని 1953లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఆస్తి చూపించకపోవడం ఎమ్మెల్యేల అనర్హతలు చెప్పే 191వ అధికరణ కింద అనర్హతే కాదు.

పెద్దమనిషి సలహా మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తప్పుడు అఫిడవిట్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఏ కింద అవతలాయనకు పడగల శిక్ష ఆరు నెలలు. కేసు పెడతామని, పరువు తీస్తామని బెదిరించి డబ్బు లాగితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద మీకు పడగల శిక్ష ఏడేళ్లు. ఒక్క వాట్సాప్ మెసేజ్ పంపినా, మధ్యవర్తిని పంపి మాట్లాడించినా అవతలివాళ్లు రికార్డు చేసుకుని మీ మీదే కేసు పెడతారు. కాగితాల ఫొటోలు ఇప్పటికే ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే, అక్కడితో ఆపండి.

మరి మిగిలిన దారేమిటి? అదే సెక్షన్ 125ఏ. ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఎఫ్ఐఆర్ కట్టరు. కోర్టులో ప్రైవేట్ కంప్లైంట్ వేయాలి. ఎమ్మెల్యేల కేసులు చూసే ప్రత్యేక కోర్టు విజయవాడలో ఉంది. దీనికి గడువు ఏడాది. విచిత్రం ఏమిటంటే, హైకోర్టులో పనికిరాని మీ ‘తెలిసిన తేదీ’ వాదన ఇక్కడ పనికొస్తుంది. నేరం జరిగినట్టు బాధితుడికి తెలియకపోతే, తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 515 చెబుతోంది. ఈసీ మీద ప్రింటైన తేదీ మీకు సాక్ష్యం. బాధితుడు ఎవరన్న పేచీ రాకుండా కంప్లైంట్ మీ పేరున కాక మీ బావగారి పేరున వేయండి. రికార్డులన్నీ ముందు నుంచీ అందుబాటులోనే ఉన్నాయి కదా అని అవతలి లాయరు అడ్డుపడతాడు. అందుకని సెక్షన్ 519 కింద గడువు పొడిగింపు కోరుతూ ఒక దరఖాస్తు కూడా జతచేయండి.

ఒక భ్రమ మాత్రం పెట్టుకోకండి. ఈ కేసులో శిక్ష పడినా సీటు పోదు. శిక్ష పడగానే అనర్హత తెచ్చే సెక్షన్ 8 జాబితాలో 125ఏ లేదు, మిగతా నేరాలకు సీటు పోవాలంటే రెండేళ్ల శిక్ష పడాలి, ఆరు నెలలు అక్కడికి చేరవు. మీ బావగారు ఎమ్మెల్యే అయ్యే దారి ఇందులో లేదు. ఆయనకు కావాల్సింది అదొక్కటే అయితే కోర్టు ఖర్చు పెట్టుకోవద్దని చెప్పండి.

వేస్తామంటే ముందు మూడు కాగితాలు సంపాదించండి: ఫారం 26 సర్టిఫైడ్ కాపీ, రెండో స్థలం దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, నామినేషన్ తేదీ దాటేవరకు ఆ స్థలం అమ్ముడుపోలేదని చూపే తాజా ఈసీ. పాత ఈసీని పారేయకండి, తెలిసిన తేదీకి అదే ఆధారం. లక్షన్నర లాయరుకు అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే, రాతపూర్వకంగా వెనక్కి అడిగి ఆ కాగితం కాపీ దగ్గర ఉంచుకోండి.