నలుగురం ఒకేసారి రాస్తే నా డైలాగు ఎందుకు మాయమవుతోంది?

ప్రశ్న: మాస్టారూ, మేం నలుగురం కలిసి కాలేజీ నాటకం రాస్తున్నాం. నేను కావలిలో, ఒకమ్మాయి ఒంగోల్లో, మిగతా ఇద్దరూ నెల్లూరు హాస్టల్లో. అందరం బ్రౌజర్‌లోనే ఒకేసారి రాసుకునేలా చిన్న ఎడిటర్ చేశాను. రెండు సెకన్లకోసారి పాఠమంతా సర్వర్‌లో సేవ్ అవుతుంది. కానీ రాసిన డైలాగులు ఉన్నట్టుండి పోతున్నాయి. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లకి తాళం వేసెయ్యమంటున్నారు మావాళ్లు. వేయమంటారా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: తాళం వద్దమ్మా. నేనూ ఒకప్పుడు వేశాను. తాళం తీసుకున్నాయన టీకి వెళ్లాడు, ఈలోగా కరెంటు పోయింది, మేం ముగ్గురం గంటసేపు తెర చూస్తూ కూర్చున్నాం.

నీ డైలాగు పోవడానికి కారణం పాఠమంతా పంపడమే. చివర సేవ్ చేసినవాళ్ల కాపీ ముందువాళ్లదాన్ని తుడిచేస్తుంది. మొత్తం పంపకు, చేసిన మార్పు మాత్రమే పంపు. అందుకు వెబ్‌సాకెట్, అంటే బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే లైను, సరిపోతుంది. అయితే అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి.

తెర మీద ‘నెల్లూరు పులుసు’ అని ఉందనుకో. కంప్యూటర్ లెక్కలో ‘నెల్లూరు’ మూడక్షరాలు కాదు. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కేస్తే ఎనిమిది. ఖాళీతో తొమ్మిది. నువ్వు మొదట్లో ‘మన ’ అని చేర్చావు. అదే క్షణంలో ఒంగోలు అమ్మాయి తొమ్మిది దాటాక ‘చేపల ’ అని కొట్టింది. ఆమె మార్పు నీ దగ్గరికి ‘తొమ్మిది తర్వాత’ అనే వస్తుంది. ఉన్నదున్నట్టు పెట్టావో, ‘మన నెల్లూచేపల రు పులుసు’ తయారవుతుంది! నువ్వు చేర్చిన మూడూ కలిపి తొమ్మిదిని పన్నెండు చేయాలి. ఇలా స్థానాలు సవరించే పద్ధతిని ఎల్లిస్, గిబ్స్ అనే కంప్యూటర్ పరిశోధకులు 1989లోనే ప్రతిపాదించారు. పేరు ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. గూగుల్ డాక్స్ నడిచింది దీనిమీదే. వినడానికి తేలిక, రాయడానికి నరకం. చేర్పుకి చేర్పు, చేర్పుకి తొలగింపు, అన్ని జతలకీ లెక్క తప్పకూడదు.

2011లో సీఆర్‌డీటీ (కాన్‌ఫ్లిక్ట్-ఫ్రీ రెప్లికేటెడ్ డేటా టైప్) అని పేరు స్థిరపడిన రెండో దారి ఉంది. అందులో ప్రతి అక్షరానికీ సొంత గుర్తింపు ఉంటుంది. ‘తొమ్మిది తర్వాత’ అనకుండా ‘ఫలానా అక్షరం తర్వాత’ అంటుంది కాబట్టి ముందు ఎన్ని చేరినా చోటు చెదరదు. కొట్టేసిన అక్షరాలూ గుర్తులుగా మిగిలిపోతాయి, ఫైలు కాస్త లావవుతుంది. నాటకానికి అదో లెక్క కాదు. దీన్ని నువ్వు కూర్చుని రాయకు. వైజేఎస్ అనే లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడు, ఉచితంగా దొరుకుతుంది, ప్రోజ్‌మిర్రర్ అనే రెడీమేడ్ ఎడిటర్‌కి జోడించు.

మిగిలిన టైమంతా తెలుగు మీద పెట్టు. ‘స్త్రీ’ చూడ్డానికి ఒక్కటే, లోపల ఆరు. అవతలివాళ్ల కర్సర్‌ని ఆ ఆరింటి మధ్యలో గీశావంటే వత్తు ఒకచోట, రంగు గీత ఇంకోచోట. అక్షరాల హద్దులు చెప్పే సెగ్మెంటర్ బ్రౌజర్‌లోనే ఉంది. కానీ పొల్లుతో కలిసే వత్తుల్ని ఒకే ముద్దగా చూడాలన్న నియమం, అన్ని భాషల లిపులకీ కంప్యూటర్ ప్రమాణమైన యూనికోడ్‌లోకి వచ్చింది 2023లో. పాత బ్రౌజర్ ‘స్త్రీ’ని ముక్కలు చేస్తే నీ తప్పని టెన్షన్ పడకు.

ఫోన్‌లో ఇంకో గొడవ. కీబోర్డు మాటని కూర్చుతుండగా అదే పేరాలోకి అవతలి మార్పు వచ్చి పడితే, సగం మాట రెండుసార్లు పడొచ్చు. కూర్పు ముగిసిందని బ్రౌజర్ చెప్పేదాకా వచ్చిన మార్పుల్ని తెరమీదికి రానీయకు. అన్‌డూ నొక్కితే ఎవరిది వాళ్లకే వెనక్కి పోవాలి. లేకపోతే హాస్టల్ కుర్రాళ్లు నీ సీను లేపేస్తారు.

ఒకటి గుర్తుంచుకో. అందరి తెరలూ చివరికి ఒకేలా ఉంటాయన్నదే ఈ పద్ధతుల హామీ. ఇద్దరు ఒకే డైలాగు సవరిస్తే వాక్యం కుదురుతుందని కాదు. అది మీరు ఫోన్లో తిట్టుకుని తేల్చుకోవాల్సిందే.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టు. కావలిలో రైలెక్కి, డేటా ఆపేసి, ఒంగోలు దాకా రాస్తూ పో. అదే సీనుని ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని రాయాలి. స్టేషన్లో దిగి డేటా ఆన్ చేసి, ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టి చదవండి. ఏం మిగిలిందో నాకు రాయి.