బ్యాలెన్స్ 1 పంపితే ప్లస్ మైనస్ గుర్తు పడుతోంది: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది గుంటూరు మిర్చి యార్డు దగ్గర చిన్న ల్యాబ్ అండీ, మిరపకాయల శాంపిల్స్ చూస్తాం. తూకాలు చేత్తో రాసే పని తప్పుతుందని బ్యాలెన్స్‌ని సీరియల్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపాం. బ్యాలెన్స్ మీద 25.6031 ఉంటే కంప్యూటర్లో 5, చుక్క, 6, 0, 3 బానే పడుతున్నాయి గానీ 2 ఉండాల్సిన చోట పైకెక్కిన బుల్లి 2, 1 చోట ప్లస్ మైనస్ గుర్తు, చివర గ్రాముల జీ చోట కింద తోక ఉన్న సీ వస్తున్నాయి. కేబుల్ రెండుసార్లు మార్చాం. బ్యాలెన్స్ బోర్డు పోయిందంటున్నారు, మార్చమంటారా?

జవాబు: వద్దు, బోర్డు జోలికే వెళ్లకండి. ఏ అంకె బాగుంది ఏ అంకె పాడైంది అని విడివిడిగా చూసి రాశారు చూడండి, మీ సమస్యకి జవాబు అందులోనే ఉంది. చాలామంది "ఏదో చెత్త వస్తోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, దాంతో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ప్రతి అంకెకీ ఒక కోడ్ ఉంటుంది, 1కి 49, 2కి 50 అలా. బైనరీలో రాస్తే 49లో ఒకట్లు మూడుంటాయి. మీ బ్యాలెన్స్ 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ అనే పద్ధతిలో పంపుతోంది, అంటే మొత్తం ఒకట్లు సరిసంఖ్య అయ్యేలా చివర ఇంకో బిట్ తగిలిస్తుంది. 0, 3, 5, 6, 9, చుక్క, వీటిలో ఒకట్లు ముందే సరిసంఖ్యలో ఉన్నాయి కాబట్టి ఆ బిట్ సున్నాగానే ఉంటుంది. 1, 2, 4, 7, 8లో బేసి, అందుకని అక్కడ ఒకటి పడుతుంది. కంప్యూటర్ ఏమో 8 బిట్లు, పారిటీ లేదు అనే సెట్టింగ్‌లో కూర్చుంది, ఆ చివరి బిట్ కూడా అంకెలో భాగమే అనుకుని 128 కలిపేస్తోంది. 49కి 128 కలిపితే 177, విండోస్‌లో అది ప్లస్ మైనస్ గుర్తు. 178 ఆ బుల్లి 2. జీ కోడ్ 103, అది 231 అయ్యి తోక ఉన్న సీ అయింది. మీరు రాసిన మూడు గుర్తులూ లెక్కకి సరిగ్గా సరిపోయాయి.

కాబట్టి కంప్యూటర్‌ వైపు 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్ పెట్టండి, చాలు. లేదా బ్యాలెన్స్ మెనూలో 8 బిట్లు, పారిటీ లేకుండా మార్చుకోండి, కానీ ఏదో ఒక వైపే మార్చాలి, రెండు వైపులా మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. బాడ్ రేట్, అంటే డేటా పంపే వేగం, ముట్టుకోవద్దు, అది తప్పై ఉంటే ఆ 5, 6, 0, 3 అయినా ఇలా ప్రతిసారీ సరిగ్గా వచ్చేవి కావు. వేరే ఎవరికైనా దీనికి తిరగబడి 0, 3, 5, 6, 9 పాడై మిగతావి బాగుంటే వాళ్లది ఆడ్ పారిటీ.

ఇంకో మాట, నాకు నిజంగా భయం వేసేది దీని గురించే. కొన్ని ప్రోగ్రాములు అంకె కాని గుర్తు వస్తే చప్పుడు చేయకుండా వదిలేసి మిగతాది రాసుకుంటాయి, అప్పుడు 25.6031 కాస్తా 5.603 అయి ఫైల్లో కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. నేను సర్వీసులో ఉన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక ల్యాబ్‌లో ఇలాగే అయింది, వాళ్లు రోజూ పొద్దున్నే 50 గ్రాముల స్టాండర్డ్ వెయిట్ పెట్టి చూసుకునేవాళ్లు, 50.0000లో ఉన్నవన్నీ బాగా వచ్చే అంకెలే కదా, అంతా బానే ఉందనుకుని పని మొదలుపెట్టేవాళ్లు. 100 గ్రాములది ఒక్కసారి పెట్టినా బయటపడేది. అందుకని సెట్టింగ్ మార్చాక 50తో సరిపెట్టుకోకుండా 1, 2, 4, 7, 8 అన్నీ కనపడేలా రకరకాల బరువులు పెట్టి చూడండి, కేబుల్ కలిపిన రోజు నుంచి ఫైల్లో పడ్డ తూకాలన్నీ ఒకసారి తిరగేయండి. అనుమానం వచ్చిన శాంపిల్ మిగిలుంటే మళ్లీ తూయండి, రైతు తెచ్చిన సరుకు మీద మనం రాసే అంకె అది.

ప్రశ్న: విజయవాడ సూర్యారావుపేటలో డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను సార్. మా ఎనలైజర్ రిజల్ట్స్ యూఎస్‌బీ కన్వర్టర్ మీదుగా కంప్యూటర్‌లోకి వస్తాయి. కొన్ని రోజులు పొద్దున్నే అసలు రావు, సాఫ్ట్‌వేర్‌లో పోర్టు దొరకలేదు అంటుంది. మధ్యాహ్నానికి ఎవరో ఏదో కదిపితే వస్తాయి.

జవాబు: తుడిచేవాళ్లో ఇంకెవరో ఆ కన్వర్టర్ పీకి, తిరిగి పెట్టేటప్పుడు పక్క సాకెట్లో పెడుతున్నారేమో ముందు కనుక్కోండమ్మా. చాలా చవక కన్వర్టర్లలో తన సొంత సీరియల్ నంబర్ ఉండదు, అందుకని సాకెట్ మారితే విండోస్ దాన్ని కొత్తదనుకుని వేరే కామ్ నంబర్, అంటే పోర్టు నంబర్, ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ కామ్ 3 కోసం చూస్తుంటే మెషీన్ కామ్ 7లో ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద ఏ నంబర్ ఉందో బాగున్న రోజు ఒకసారి, రాని రోజు ఒకసారి రాసుకోండి. నంబర్లు తేడా వస్తే ఇదే కారణం, ఆ సాకెట్ మీద టేపు వేసి దాని పేరు రాసిపెట్టండి. నంబర్ మారకపోయినా రావట్లేదంటే పోర్టుని వేరే ప్రోగ్రామ్ ఏదైనా పట్టుకుని ఉందేమో చూడండి, ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పోర్టు తెరవగలదు. కరెంట్ ఆదా కోసం యూఎస్‌బీని ఆపేసే టిక్కు ఒకటి డివైస్ మేనేజర్‌లో ఉంటుంది, అదీ తీసేయించండి.

రిజల్ట్స్ రాని పూట ఎనలైజర్ స్క్రీన్ మీద చూసి చేత్తో ఎక్కిస్తారు కదా, పేషెంట్ ఐడీ ఇంకొకరు చదువుతుంటేనే ఎక్కించండి.

ప్రశ్న: గుంటూరులో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ చూస్తాను. పీహెచ్ మీటర్‌కి కేబుల్ పెట్టాం, సెట్టింగులన్నీ మాన్యువల్ ప్రకారమే ఉన్నాయి, ఒక్క అక్షరం కూడా రావట్లేదు.

జవాబు: మీ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి మల్టీమీటర్ అరువు తెచ్చుకోండి మేడమ్. ముందు పీహెచ్ మీటర్ వైపు కేబుల్ ఊడదీసి, కంప్యూటర్ వైపు 9 పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులు చిన్న వైరుతో కలిపి టెర్మినల్ ప్రోగ్రామ్‌లో, అంటే పోర్టుకి అక్షరాలు పంపి వచ్చినవి చూపించే దానిలో, ఏదైనా టైప్ చేయండి, లోకల్ ఎకో (మనం కొట్టింది ప్రోగ్రామే తెర మీద చూపించే సెట్టింగ్) ఆపేసి. కొట్టింది తిరిగొస్తే కంప్యూటర్, కన్వర్టర్ రెండూ మంచివే. తర్వాత పీహెచ్ మీటర్ ఆన్ చేసి దాని కనెక్టర్‌లో 5వ పిన్ను మీద నల్ల ప్రోబ్ పెట్టి 2, 3 రెండూ కొలవండి. ఆర్‌ఎస్-232లో, అంటే ఈ సీరియల్ కేబుల్ పద్ధతిలో, ఖాళీగా ఉన్న పంపే వైరు మీద మైనస్ వోల్టేజీ ఉంటుంది, మైనస్ 3 నుంచి మైనస్ 15 లోపు, కాబట్టి ఏ పిన్నులో మైనస్ కనపడితే మీటర్ మాట్లాడేది దానిలోంచే. కంప్యూటర్ మాట్లాడేది 3లోంచి. మీటర్‌ది 2 అయితే మామూలు స్ట్రెయిట్ కేబుల్ సరిపోతుంది, అదీ 3 అయితే ఇద్దరూ ఒకే వైరులో మాట్లాడుతూ వినేవాళ్లు లేకుండా పోతారు, 2, 3 అడ్డం తిప్పిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి.

కేబుల్ సరైనదే అయినా మౌనంగా ఉంటే, చాలా పరికరాలు అడిగితే తప్ప చెప్పవు, అడిగిన కమాండ్ చివర లైను అయిపోయిందని చెప్పే కోడ్ 13, కోడ్ 10 రెండూ ఉండాలని చూసేవి కూడా ఉన్నాయి, టెర్మినల్‌లో ఎంటర్ కొడితే మామూలుగా 13 ఒక్కటే వెళ్తుంది. మీ మీటర్‌కి ప్రింట్ బటన్ ఉంటే ముందు అది నొక్కి చూడండి, అప్పుడు రీడింగ్ వచ్చిందంటే వైర్లు బాగున్నట్టే, చూడాల్సింది కమాండ్ ఒక్కటే.