ఎన్నారై సందేహాలు: గాల్వెస్టన్‌లో ఒక శనివారం చేపల వేట

ప్రశ్న: మేము టెక్సస్‌లో హ్యూస్టన్ దగ్గర కేటీకి వచ్చి నాలుగు నెలలైంది. నేనూ మా బావమరిదీ ఒక శనివారం గాల్వెస్టన్ వెళ్ళి సముద్రంలో గాలం వేయాలనుకుంటున్నాము. ఎక్కడికి వెళ్ళాలి, ఏమేమి కొనాలి, మొత్తం ఎంతవుతుంది?

జవాబు: మూడో ప్రశ్న ముందు అడిగి ఉంటే మిమ్మల్ని ఇంకాస్త మెచ్చుకునేవాణ్ణి. నేను 2006 వేసవిలో మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్నే వేసుకోలేదు. కోనసీమ కాలువ గట్టున వెదురు కర్రకు దారం కట్టి, వానపాము గుచ్చి పెరిగినవాణ్ణి కాబట్టి, గాలం గురించి నాకు ఒకరు చెప్పేదేమిటన్న ధీమాతో దుకాణానికి వెళ్ళి, పన్నెండడుగుల కర్ర, దానికి తగిన పెద్ద రీలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్న రంగురంగుల ప్లాస్టిక్ ఎరలు, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు కొని, ఆ నెల ఇంటికి పంపవలసిన డబ్బులో సగం అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రోజు పడిన చేపలు రెండు. తూకం వేస్తే రెండు పౌన్లు కూడా లేవు. పౌను చేప ఎన్ని వందల డాలర్లు పడిందో లెక్కగట్టి, ఆ చీటీని ఇప్పటికీ నా పెట్టెలో దాచుకున్నాను.

మీరు ఆ పని చేయకండి. ఏడడుగుల మామూలు కర్ర, రీలు కలిపి అమ్మే జత ఒక్కటి, రెండు మూడు ఔన్సుల సీసపు గుండ్లు నాలుగు, సర్కిల్ గాలాలు (కొస లోపలికి వంగిన గుండ్రని కొక్కేలు) ఒక పొట్లం, ముక్కుపట్టకారు, కొలత టేపు, ఐసుపెట్టె ఉంటే ఇద్దరికీ రోజు గడుస్తుంది. రెండో కర్ర ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఎరకు మాత్రం ఇంట్లో డబ్బాలో ఉన్న రొయ్యలు పట్టుకుపోదామని ఆలోచించకండి. పొదుపు పేరుతో నేను ఒకసారి ఉడికించి వలిచిన రొయ్యలు తీసుకెళితే, గాలం విసిరిన ప్రతిసారీ రొయ్య ఒక దిక్కుకూ గాలం ఒక దిక్కుకూ ఎగిరిపోయేవి. ఒడ్డున ఎర అమ్మే కొట్లో తలతో ఉన్న పచ్చి రొయ్యలు ఒక పౌను కొనుక్కుంటే చాలు.

లైసెన్సు సంగతి క్లుప్తంగా చెబుతాను, తాజా వివరాలు రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైటులో చూసుకోండి. టెక్సస్‌లో ఆరు నెలలు నిండనివారు స్థానికులు కారు కనుక, ఉప్పునీటి లైసెన్సు ఏడాదికి మీకు 63 డాలర్లు, మాకు 35. ఒక్క రోజుకైతే మీకు 16 డాలర్లతో పోతుంది. అదీ దండగ అనిపిస్తే గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కుకు వెళ్ళండి. స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీదినుంచి గాలం వేసేవారికి లైసెన్సే అక్కర్లేదు; ప్రవేశ రుసుము కట్టి, శనివారాలు నిండిపోతుంది గనుక చీటీ ముందే తీసుకుంటే సరి. ఈ మాట నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది. అయితే చేప కొలతలు, సంఖ్యల నియమాలు పార్కులోనూ తప్పవు.

కొలత అన్నాను గనుక నా జరిమానా కథ చెప్పాలి. రెడ్ డ్రమ్ అనే చేప, తోక దగ్గర నల్లటి బొట్టుతో, ఎర్రని రాగి రంగులో ఉంటుంది. 20 అంగుళాలకు తక్కువైనా, 28కి ఎక్కువైనా వదిలేయాలి. నాకు పడినదాన్ని టేపు మీద పెడితే ఇరవై ఏడున్నర వచ్చింది, ఐసుపెట్టెలో వేసుకున్నాను. సాయంత్రం వచ్చిన వార్డెన్, అంటే వేట నియమాలు చూసే అధికారి, ఆ చేప తోక రెండు కొసలనూ వేళ్ళతో దగ్గరికి నొక్కి కొలిచాడు. ఇరవై ఎనిమిదింబావు. తోక విప్పి ఉంచి కాదు, నొక్కి కొలవాలని నిబంధన. అలాంటి పెద్ద చేపను ఒకదాన్ని ఉంచుకోవడానికి లైసెన్సుతోపాటే ఒక ట్యాగు ఇస్తారు, దాన్ని అప్పటికప్పుడు నింపి చేపకు కట్టి ఉంటే ఏ గొడవా లేదు. నా ట్యాగు పర్సులో ఉంది, కాగితమే కదా అనుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. ఇలాంటి తప్పుకు జరిమానా 25 నుంచి 500 డాలర్ల దాకా ఉంటుంది, పైన కోర్టు ఖర్చు. టేపు ధర మూడు డాలర్లు.

దానికంటే పెద్ద చిల్లు జెల్ల వల్ల పడింది. ఇక్కడ హార్డ్‌హెడ్ అనే సముద్రపు జెల్ల ఎక్కడ గాలం వేసినా ముందుగా వచ్చి పడుతుంది. మన ఊళ్ళో చేపలమ్మే ఆవిడ జెల్ల ముళ్ళు ముందే విరిచి చేతికిచ్చేది గనుక వాటి సంగతి నేను ఆలోచించనే లేదు. గాలం విప్పుదామని పట్టుకోగానే అది విదిలించుకుంది, వీపు ముల్లు బొటనవేలి కింద కండలో సగం దిగింది. చెయ్యి భుజం దాకా పోటెత్తింది. భయపడి ఎమర్జెన్సీకి పోతే, ఎక్స్‌రే తీసి, ధనుర్వాతం సూది వేసి, చివరికి బేసిన్‌లో వేడినీళ్ళు పెట్టి చెయ్యి ముంచమన్నారు. నొప్పి తగ్గింది ఆ నీళ్ళతోనే. ఇన్సూరెన్సులో మనం ముందుగా కట్టవలసిన భాగం ఇంకా తీరలేదు గనుక బిల్లంతా నా మీదే పడింది. ఆ పూట నా ఫ్లాస్కులో టీ కోసం పోసుకున్న వేడినీళ్ళు అలాగే ఉన్నాయి. కాబట్టి జెల్లను చేత్తో ముట్టకండి, ముక్కుపట్టకారుతో గాలం తిప్పి నీళ్ళలోకి జారవిడవండి. ముల్లు గుచ్చుకుంటే, చర్మం ఓర్చుకునేంత వేడినీళ్ళలో అరగంటకు పైగా ఉంచండి. కానీ ముల్లు లోపల విరిగినా, గాయం ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా డబ్బు లెక్క చూడకుండా పరుగెత్తండి. వేసవిలో ఈ వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో అనే సూక్ష్మజీవి ఉంటుంది, అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. నా పిసినారితనం అక్కడ పనిచేయదు.

ఇక రోజు ఎంచుకోవడం. శనివారం సెలవు కదా అని బయలుదేరితే కేటీ నుంచి రానూ పోనూ నూట యాభై మైళ్ళ పెట్రోలు వృథా అయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. గురువారం రాత్రే గాలి సూచన, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి ఆటుపోట్ల పట్టిక చూడండి. ఇక్కడ పోటు ఎత్తు అడుగు, రెండడుగులకు మించదు గనుక, ఎక్కినా దిగినా నీరు కదులుతున్న వేళ చాలు, నిలిచిన వేళ చేప నోరు తెరవదు. పోటు కంటే గాలి ముఖ్యం. ఆగ్నేయపు గాలి గంటకు 15 మైళ్ళు దాటితే సముద్రం వైపు నీరు బురదనీరవుతుంది, అప్పుడు పార్కులోనే వెనకనున్న బే (అఖాతం) వైపుకు మారండి. అక్కడ నీళ్ళలో దిగితే అడుగు ఎత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడవండి, ఇసుకలో పడుకున్న, తోకలో ముల్లుండే టేకు చేప (స్టింగ్‌రే) మీద కాలు పడితే మళ్ళీ పైన చెప్పిన బిల్లే.

తెల్లవారేసరికి ఒడ్డున ఉండి, పది గంటలకు ఎండ ముదరగానే తిరుగు ప్రయాణం కట్టండి. భోజనం ఇంటినుంచి కట్టుకెళ్ళండి; పెరుగన్నం ఐసుపెట్టెలో చేపలకు ఎడంగా ఉంచండి. రెడ్ డ్రమ్, బ్లాక్ డ్రమ్ పులుసుకు బాగుంటాయి. బేలో పట్టిన జెల్లలూ, కొన్ని చోట్ల ట్రౌటు చేపలూ తినడం గురించి ఆరోగ్య శాఖ హెచ్చరిక ఉంది, గర్భిణులకూ పిల్లలకూ పెట్టకండి.

ఇంటికి రాగానే నిద్ర ముంచుకొస్తుంది. నేను అలాగే పడుకుంటే ఆ పెద్ద రీలు మూడో వారానికి ఉప్పు పట్టి తిరగడం మానేసింది, ఎవరూ బాగుచేయలేదు. మీరు స్నానం చేసేటప్పుడే రీలునూ కర్రనూ మంచినీళ్ళు సన్నగా పోసి తుడిచి, బాత్‌రూమ్‌లోనే ఆరబెట్టండి. ఇంట్లోవాళ్ళు వాసన గురించి అనే మాటకు ఖర్చేమీ లేదు.