యుద్ధం వస్తే బడిపిల్లల్ని పట్నం నుంచి పల్లెకు పంపడం మంచిదేనా?

బాంబులు పడే రోజుల్లో పట్నం పిల్లల్ని పల్లెలకు తరలిస్తే మేలా, కీడా అని అడిగారు. ప్రాణం దక్కుతుంది కాబట్టి పంపాల్సిందే. అయితే వాళ్ల వెంట ఎవరు వెళ్తున్నారన్నది చూడాలి. మహబూబ్‌నగర్ జిల్లాలో వలస కూలీల పిల్లల హాస్టల్లో చాలా ఏళ్లు పనిచేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్రిటన్‌లో 1939 సెప్టెంబరు 1న, అంటే యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే తరలింపు మొదలైంది. కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల మందిని పంపారు. అందులో సగానికి పైగా బడిపిల్లలే. ఒంటిమీద పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్కు పెట్టె. చాలా ఊళ్లలో పిల్లల్ని వరసగా నిలబెడితే, ఇళ్లవాళ్లు తమకు నచ్చినవాళ్లను ఏరుకుని తీసుకెళ్లారు. అన్నాచెల్లెళ్లు తలోచోట పడ్డారు. ఎవరూ ఎంచుకోక ఆఖరున మిగిలిన పిల్ల ఎంత నలిగిపోయి ఉంటుందో! అనుకున్న బాంబులు వెంటనే పడలేదు. 1940 జనవరికల్లా దాదాపు సగం మంది తిరిగి ఇళ్లకు చేరిపోయారు.

మా హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు మేస్త్రీ వెంట ముంబై, పుణె వైపు పనికి పోయేవాళ్లు. పిల్లలు పగలు బాగానే ఆడుకునేవాళ్లు. పొద్దుగూకితే చాలు, "అమ్మ యాదికొస్తుంది సార్" అని ఏడుపు. ఎనిమిది, తొమ్మిదేళ్లవాళ్లు కూడా పక్క తడిపేవాళ్లు. బ్రిటన్ పల్లెల్లో ఆశ్రయమిచ్చినవాళ్ల పెద్ద ఫిర్యాదూ అదే. పెంపకం సరిగా లేదనుకున్నారు. అది బెంగ. మేం ఏమీ అనకుండా దుప్పటి మార్చి పడుకోబెట్టేవాళ్లం. ఒక ఊరి పిల్లల్ని ఒకే గదిలో ఉంచేవాళ్లం. ఆదివారం మేస్త్రీ ఫోనుకు కలిపి మాట్లాడిస్తే, "ఉగాదికొస్తం బిడ్డా" అన్న ఒక్క మాటతో వారమంతా కుదురుగా ఉండేవాళ్లు. యుద్ధంలో అమ్మానాన్నలు అలా ఏ పండగ పేరూ చెప్పలేరు, అందుకే మిగతావన్నీ మరింత గట్టిగా ఉండాలి.

ఐదేళ్లలోపు వాళ్లను తల్లి లేకుండా పంపొద్దు. బౌల్బీ, విన్నికాట్, మిల్లర్ అనే వైద్యులు 1939 డిసెంబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు లేఖ రాసి ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. 1944లో జపాన్ మూడు నుంచి ఆరో తరగతి పిల్లల్ని టీచర్లతో కలిపి గుళ్లకూ సత్రాలకూ పంపింది. తెలిసిన టీచరు తోడుండటం మంచి పద్ధతే, కానీ తిండి చాలక పిల్లలు ఆకలితో అల్లాడారు. కాబట్టి బియ్యం, పప్పు చేరాకే పిల్లల్ని బస్సెక్కించాలి. జాబితాలో ప్రతి పేరు పక్కనా తోబుట్టువు పేరు, తోడు వెళ్లే టీచరు పేరు రాయాలి.