రెండు కోర్టుల తికమకకు బ్రిటన్ ఉదాహరణ

మేడం, యూరోపియన్ యూనియన్ కోర్టు, యూరప్ మానవ హక్కుల కోర్టు ఒకటేనని మీ డిగ్రీ పిల్లలు ప్రతి పరీక్షలో రాస్తున్నారన్నారు కదా. నిర్వచనాలు పక్కన పెట్టి బ్రిటన్‌తో మొదలుపెట్టండి. 2020లో అది యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. అయినా సొంత దేశపు కోర్టుల్లో న్యాయం దొరకని బ్రిటన్ పౌరుడు ఇప్పటికీ స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టుకు వెళ్లవచ్చు. ఎలాగని పిల్లల్నే అడగండి, కాసేపు వాదించుకోనివ్వండి. జవాబు వాళ్ల నోటినుంచే వస్తే ఇక మరచిపోరు: ఆ కోర్టు యూనియన్‌ది కాదు, 1949లో పుట్టిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది, అందులో 46 దేశాలున్నాయి, బ్రిటన్ కూడా. 27 దేశాల యూనియన్ కోర్టు లక్సెంబర్గ్‌లో ఉంది.

యూరోపియన్ కౌన్సిల్ అనే పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. అది యూనియన్ దేశాల అధినేతలు కూర్చునే వేదిక, కౌన్సిల్ ఆఫ్ యూరప్ కాదు.