ముఖం నునుపు చేయబోతే మైనపు బొమ్మ అవుతోంది

ప్రశ్న: పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. ఫొటోషాప్‌లో క్రాపింగ్, లెవెల్స్, కర్వ్స్ వరకు వచ్చు. పెళ్లికూతురి ముఖంపై మచ్చలు పోవడానికి బ్లర్ వాడితే మైనపు బొమ్మలా కనిపిస్తోంది. పసుపు రాసిన ముఖానికి రంగు సరిచేయబోతే పాలిపోతోంది. ఇకపై ఏమి నేర్చుకోవాలి?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బ్లర్ మచ్చతో పాటు చర్మంపై ఉండే సన్నని గరుకుదనాన్ని కూడా చెరిపేస్తుంది కనుకనే ముఖం మైనంలా మారుతోంది. ఫొటోపై పారదర్శక పొరలా పరుచుకునే కొత్త ఖాళీ లేయర్ తీసుకుని, మచ్చను పక్కనున్న చర్మంతో కప్పే హీలింగ్ బ్రష్‌కు శాంపిల్ దగ్గర ‘కరెంట్ అండ్ బిలో’ ఎంచుకుంటే, అసలు ఫొటో చెక్కుచెదరకుండా దిద్దుబాటంతా ఆ లేయర్‌లోనే ఉంటుంది. ఎక్కువైందనిపిస్తే ఆ లేయర్ ఒపాసిటీ (గాఢత) తగ్గించుకోవచ్చు. మొటిమలు తీసేయండి గానీ, పుట్టుమచ్చను అడగకుండా ముట్టుకోకండి; ఆల్బమ్ చేతికి రాగానే మేనత్తలు ముందుగా వెతికేది దాన్నే.

ఆ తర్వాత నేర్వవలసినది డాడ్జ్ అండ్ బర్న్, అంటే కొన్ని చోట్ల వెలుగు పెంచడం, కొన్ని చోట్ల తగ్గించడం. 50 శాతం గ్రేతో నింపిన లేయర్‌ను సాఫ్ట్ లైట్ మోడ్‌లో ఉంచి, ఫ్లో (రంగు పడే వేగం) 2 నుంచి 5 శాతం మధ్య పెట్టిన మెత్తని బ్రష్‌తో, కంటి కింది నీడపై తెలుపును, నుదుటి మెరుపుపై నలుపును కొద్దికొద్దిగా వేయాలి. దీనికి మనుషుల ముఖాలకన్నా రామప్ప గుడి మదనికల ఫొటోలు మంచి సాధన: ఆ నిగనిగలాడే నల్లరాతిలో వెలుగు ఎక్కడ ఆగి, నీడ ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా తెలుస్తుంది. చర్మపు గరుకును ఒక లేయర్‌లో, రంగును మరొక లేయర్‌లో విడదీసే ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌ను వీడియోలు చూసి చాలామంది మొదటే పట్టుకుంటారు. అది తర్వాత నేర్చుకోవచ్చు. రంగు లేయర్‌ను అతిగా బ్లర్ చేస్తే మళ్లీ మైనపు ముఖమే వస్తుంది.

ఇక పసుపు సంగతి. తెలుపు తెల్లగా కనిపించేలా రంగులను తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును వెలుతురు దోషంగా లెక్కగట్టి నీలం కలుపుతుంది. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్) తీసి, ఫొటోషాప్‌లోని కెమెరా రా వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను పెళ్లికొడుకు తెల్లపంచెపై, తలంబ్రాల పసుపు అంటని చోట, వెలుగుకు పూర్తిగా తెల్లబారని మడతపై నొక్కండి. ఇంకా గాఢంగా ఉంటే హ్యూ/శాచురేషన్‌లో ఎల్లోస్‌ను ముఖం వరకే మాస్క్ చేసి కొంచెం తగ్గించండి. పూర్తిగా తీసేస్తే అది పెళ్లి ముఖంలాగే ఉండదు.

12×18 అంగుళాల పేజీకి 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. ల్యాబ్ వారు వేరే రంగుల ప్రొఫైల్ అడగకపోతే ఎస్‌ఆర్‌జీబీలోనే ఇచ్చి, ఆల్బమ్ మొత్తం వేయించే ముందు ఒక ముఖాన్ని చిన్న సైజులో ప్రింట్ తీయించి పగటి వెలుతురులో చూసుకోండి.